చినుకు టైపులో ళ

ఆ ఉదయం ఫౌండ్రీలో పొడవాటి బల్ల మీద పదహారు చెక్క పళ్ళేలు పరిచి ఉన్నాయి. వాటి గళ్ళలో చిటికెన వేలంత రాగి ముక్కలు వెల్లకిలా పడుకుని ఉన్నాయి. ప్రతి ముక్క మీదా లోపలికి దిగిన ఒక అక్షరం. ఆ గుంటలో కరిగిన సీసం పోస్తే అక్షరం పైకి లేచి వస్తుంది. అందుకే అక్కడ పనిచేసేవాళ్ళు రాగి ముక్కల్ని తల్లులనీ, సీసపు అక్షరాల్ని పిల్లలనీ అనేవారు. మొత్తం మూడువందల పన్నెండు తల్లులు.

అందులో ఒకటి సవతి తల్లి. ఆ సంగతి ఈ భూమ్మీద సీసం పిన్నికి ఒక్కదానికే తెలుసు.

తొమ్మిదో పళ్ళెం వైపు చూడకూడదని ఆమె పొద్దుట్నుంచీ అనుకుంటోంది. పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు చూపు అక్కడికే పోతోంది. చివరికి చుట్టూ ఓసారి చూసి, ఆ పళ్ళేన్ని ఎత్తి బల్ల చివర పదహారోదాని అవతల పెట్టేసింది. వాటిని వేలితో తడిమి చూడాల్సిన మావయ్య మధ్యాహ్నానికి అలిసిపోతాడు. అలిసిన వేలు అన్నిటినీ ఒకేలా చూస్తుంది.

"ఏమే, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి?" అత్తయ్య లోపలికొచ్చింది, ఒక చేత్తో మొగుణ్ణి, ఇంకో చేత్తో మంచినీళ్ళ చెంబునీ పట్టుకుని.

"ముక్కలన్నీ తుడిచేసరికి ఇలా అయింది అత్తయ్యా."

"రాగి తుడిస్తే రాగి మెరవాలి. కళ్ళెందుకు మెరుస్తాయి?"

సీసం పిన్ని కుర్చీ జరిపింది. మావయ్య చేత్తో తడుముకుంటూ కూర్చున్నాడు. డెబ్భై తొమ్మిదేళ్ళు. రెండు కళ్ళలోనూ పాలు విరిగినట్టు తెలుపు. ఈ టైపు చెక్కింది ఆయనే. ఊళ్ళో ప్రెస్సులన్నీ ఆయన్ని మేస్త్రి గారనేవి.

వాటికి చినుకు అనే పేరు మాత్రం ఆయన పెట్టింది కాదు. ఆయన తన పుస్తకంలో నంబరు నాలుగు అని రాసుకున్నాడంతే. ఆ టైపులో ప్రతి గీతా చివరికొచ్చేసరికి తన బరువుకి తనే సాగి, రాలబోయి, ఏదో గుర్తొచ్చి ఆగిపోయినట్టు చిన్నగా ఉబ్బుతుంది. చూరంచున వేలాడే చుక్కలాగా. అది చూసి ప్రెస్సుల్లో అక్షరాలు కూర్చే కంపోజిటర్లు చినుకు అన్నారు. పదకొండేళ్ళు చెక్కాడాయన దాన్ని. ఉక్కు కడ్డీ కొన మీద అక్షరాన్ని తిరగేసి చెక్కి, ఆ కడ్డీని రాగి మీద నిలబెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ. రెండో దెబ్బ ఉండదు. రెండో దెబ్బ వేస్తే అక్షరం తన నీడతో సహా పడుతుంది. ఆ ఉక్కు కడ్డీలన్నీ తర్వాతెప్పుడో ఓ ముసురులో కప్పు కారి తుప్పుపట్టి పోయాయి. మిగిలింది ఈ రాగి తల్లులే.

చినుకుతో మొదట అచ్చయింది బడిపిల్లల వాచకం. ఆ తర్వాత మందు సీసాల మీది చీటీలు, పెళ్ళి పిలుపులు, చావు కబుర్లు, తప్పిపోయినవాళ్ళ కోసం ప్రకటనలు. జనం దాన్ని చదివారు కానీ చూడలేదు. మంచి టైపు మంచినీళ్ళలాంటిది, రుచి తెలిసిందంటే ఏదో కలిసినట్టే అనేవాడు మావయ్య. ఇంతలో కంప్యూటరు తెరలొచ్చాయి. ప్రెస్సులు మూతపడ్డాయి. వాటిల్లోని పిల్లలు బస్తాల్లో వెనక్కొచ్చి మళ్ళీ కుంపటిలో కరిగిపోయాయి. ఫౌండ్రీ గోడలు తప్ప ఏమీ మిగలదనుకుంటున్న రోజుల్లో, దూరపు పట్నంలో ఇంకా చేత్తో అచ్చు వేసే ఒక ప్రెస్సు నుంచి ఉత్తరం వచ్చింది. చినుకు తల్లులు కావాలి. వాటితో పాటు, వాటి స్వభావం తెలిసిన మనిషి కూడా ఒకరు కావాలి. రెండిటికీ మేస్త్రి గారి మాటే పూచీ.

ఆ మనిషి సీసం పిన్ని. మేస్త్రి చెల్లెలి కూతురు. పందొమ్మిదో ఏట ఈ గదిలోకి వచ్చింది, ఇప్పుడు యాభై రెండు. సీసం పోయడం, పోసిన అక్షరం తోక విరవడం, పక్కలు నునుపు చెయ్యడం, బొటనవేలితో ఎత్తు చూడడం. వేరే పని రాదు. ఎదురింటివాళ్ళు కూడా సీసం పిన్నీ అనే పిలుస్తారు. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే ఆమెకే కాసేపు ఇంకెవరినో పిలిచినట్టు అనిపిస్తుంది. ఇక్కడ తలుపులు మూస్తే ఆమె వేళ్ళకి లోకంలో పని లేదు.

కొనడానికొచ్చినాయన గుమ్మంలో చెప్పులు విప్పి, జేబులోంచి గుండ్రటి భూతద్దం తీశాడు. సన్నగా, పొడుగ్గా, మాట తప్పిపోతుందేమోనన్నట్టు మెల్లగా మాట్లాడే మనిషి. అత్తయ్య అప్పటికే ఆయనకి భూతద్దం అని పేరు పెట్టేసింది.

"ఒక్కొక్కటీ మీరు చూసి, మీదేనని పక్కన ముద్ర కొట్టండి మేస్త్రి గారూ. ముద్ర ఉన్నవే తీసుకెళ్తాను."

"ముద్ర కొట్టనివి ఏం చేస్తానో తెలుసా?" మావయ్య చెయ్యి చాచాడు. సీసం పిన్ని ఆ చేతిలో ఆకురాయి పెట్టింది. "నా ఉలి కిందనుంచి రానిది నా పళ్ళెంలో ఉండకూడదు. ముఖం మీద అడ్డంగా ఒకటి గీస్తాను. దానికి ఇంక కాన్పు లేదు."

"ఇన్నేళ్ళూ మీ పళ్ళేలు ఎవరి చేతిలో ఉన్నాయి?"

"దీని చేతిలో. దీనికి తెలీకుండా వాటి మీద ఈగ వాలదు."

సీసం పిన్ని పళ్ళెం ముందుకు జరిపింది.

మొదటి పళ్ళెం. మావయ్య పరీక్ష వేరు. ఎడమ బొటనవేలితో అక్షరం గుంటంతా ఓ చుట్టు చుట్టి, తర్వాత ముక్కని పైకెత్తి కింది పెదవికి ఆనించుకుంటాడు. కళ్ళు పోయాక పెదవే ఆయనకి కన్ను. ఒక్క క్షణం. "నాదే." ముక్కని బల్ల మీది ఇనుప దిమ్మె మీద పక్కకి తిప్పి, చుక్క గుర్తున్న ముద్రతో ఠక్కున ఒకటి. తర్వాతది.

"పెళ్ళయి యాభై ఏళ్ళయింది. ఈ రాగి ముక్కలకి పెట్టినన్ని ముద్దులు..." అత్తయ్య సగంలో ఆపి కొత్తాయన వైపు చూసింది.

"నీకు అంచులు పదునే, నిజమే," అన్నాడు మావయ్య. "కాకపోతే నువ్వు కదలకుండా ఉండవు."

భూతద్దం నవ్వాపుకుని పుస్తకంలో గీత పెట్టుకున్నాడు. సీసం పిన్ని కూడా నవ్వింది. నవ్వు ముఖం మీదే ఆగిపోయింది, లోపలికి దిగలేదు.

రెండు. మూడు. నాలుగు. ఠక్, ఠక్. కిటికీ ఎండ బల్ల కాళ్ళ దగ్గర్నుంచి బల్ల మీదికి ఎక్కింది. ఆమె పళ్ళేలు అందిస్తోంది, తీస్తోంది. చేతులు తమ పని తాము చేసుకుపోతుంటే మనసు ఇరవయ్యెనిమిదేళ్ళు వెనక్కి నడిచి, ఒక పోత పొయ్యి ముందు నిలబడింది.

ఆ రోజు ళ పోస్తోంది. మూస బాగా వేడెక్కింది. ఆపి చల్లారనివ్వాలి. ఇంకో పాతిక పోస్తే పూర్తవుతుంది కదా అనుకుంది. పని బాగా వచ్చినవాళ్ళు మాత్రమే చేసే తప్పు అది; కొత్తవాళ్ళయితే భయపడి ఆగేవారు. సీసం రాగిని కరిచి పట్టుకుంది. ఎంత తట్టినా పిల్ల తల్లిని వదల్లేదు. సూదితో పెకలించబోయింది. సూది జారింది. ళ కడుపులో అడ్డంగా, వెంట్రుక లోతున గాటు. మళ్ళీ కొట్టడానికి ళ ఉక్కు కడ్డీ అప్పటికే తుప్పుపట్టి పోయింది.

వారం కిందటే ఒక పోతగాడు తల్లిని గచ్చు మీద జారవిడిచాడని మావయ్య అతన్ని చెప్పులు తొడుక్కునేదాకా కూడా ఉంచలేదు. మేనకోడలని తనని ఉంచుతాడా? చుట్టరికం వేరు, చినుకు వేరు ఆయనకి.

వీధికి అవతల గిన్నెలకి పూత పోసే ముసలాయన కొట్టు ఉండేది. ఊరికే మాటల్లో అడిగినట్టు అడిగి తెలుసుకుంది. తన గదిలో మంచం కింద పింగాణీ జాడీ పెట్టింది. అందులో మైలుతుత్తం కలిపిన నీళ్ళు, పాత రేడియో బ్యాటరీ, రెండు తీగలు. ఒక తీగకి రాగి పలక. ఇంకో తీగకి ఎప్పుడో తాను పోసిన సీసపు ళ ఒకటి. ఆ నీలి నీళ్ళలో సీసం మీద రాగి పేరుకోవడం మొదలుపెట్టింది. చూస్తుంటే కదలదు, మర్నాడు చూస్తే కొంచెం మందం. మనిషి మీద వయసు పేరుకున్నట్టు. పదిహేడు రోజులు మంచం కింద ఒక అక్షరం పెరిగింది. సీసాన్ని ఊడదీసి చూస్తే లోపల ళ తిన్నగా ఉంది, గీత చివరి చినుకు దగ్గర తప్ప. ఆమె వాడిన పిల్ల అక్కడ కొంచెం అరిగి ఉంది. సన్న ఉలితో ఆ గుంటని లోతు చేసింది. ఒక వెంట్రుక ఎక్కువ చేసింది. గాటుపడ్డ అసలు తల్లిని వాననీళ్ళ కాలువలో పడేసింది.

అప్పట్నుంచీ ఊళ్ళో అచ్చయిన ప్రతి కళ్ళలోనూ, నీళ్ళలోనూ, ఇళ్ళలోనూ ఉన్నది ఆమె ళ. ఎవరూ గమనించలేదు. ఒక్క మనిషి తప్ప. టైపు కొనడానికొచ్చిన ఓ కంపోజిటరు పొట్లం విప్పి, ఒక ముక్క వెలుతురులోకి పెట్టి, "ఏమండీ, ఈ మధ్య మీ ళకి ఒళ్ళొచ్చిందే?" అన్నాడు. ఆమె ముఖం తెల్లబోవడం చూసి మళ్ళీ ఎప్పుడూ అనలేదు. మరుసటి ఏడు వాళ్ళు పెళ్ళి చేసుకున్నారు. "నా నోరు మూయించడానికి చేసుకుంది మహాతల్లి," అని చివరిదాకా వేళాకోళం చేసేవాడు. ఆరేళ్ళ కింద ఆ రహస్యాన్ని తనతో పట్టుకుపోయాడు. అప్పట్నుంచీ దాన్ని ఆమె ఒక్కతే మోస్తోంది. ఇద్దరు మోసినప్పుడు సగం బరువు ఉండేదని అంతవరకూ తెలియలేదు.

"ఎనిమిది అయింది," అన్నాడు మావయ్య. "తొమ్మిది."

ఆమె పదో పళ్ళెం తీసి ముందు పెట్టింది.

మావయ్య మొదటి ముక్క మీద వేలు పెట్టాడు. పెదవిదాకా కూడా ఎత్తలేదు. "ఇది పదోది. తొమ్మిది ఏదే?"

ఆ పళ్ళేలు అక్షరమాల వరసలో లేవు. ఆయన చేతి వరసలో ఉన్నాయి. పోలికలున్న గీతలు పక్కపక్కన. ఆ వరస ఆయనకి వెన్నుపూసల్లా తెలుసు.

"ఆ చివర పెట్టాను మావయ్యా. బల్ల మీద చోటు చాలక..."

"పదిహేను పట్టిన బల్లకి పదహారోది బరువైందా?"

భూతద్దం తల ఎత్తాడు. బల్ల చివరికి ఓసారి, ఆమె ముఖంకేసి ఓసారి చూశాడు. ఆమె వెళ్ళి పళ్ళెం తెచ్చింది. గళ్ళలో ముక్కలు గలగలమన్నాయి.

ళ నాలుగో గడిలో ఉంది. మొదటిది, నాదే, ఠక్. రెండు. మూడు. ఆమె ఊపిరి లెక్కపెట్టుకుంటోంది. మావయ్య వేలు ళ లోకి దిగింది. కడుపు చుట్టూ తిరిగింది. చినుకు దగ్గరికొచ్చి ఆగింది.

పెదవికి ఆనించాడు. తీశాడు. మళ్ళీ ఆనించాడు.

బయట రోడ్డు మీద ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆ బెల్లు చాలా దూరం వెళ్ళేదాకా ముక్క ఆయన పెదవి మీదే ఉంది.

"ఇది..." అన్నాడు మావయ్య. "ఇది ఆ రోజు బాగా కుదిరింది." ఠక్.

ఆమె బల్ల అంచు పట్టుకుంది. అయిపోయింది. సవతి తల్లికి ముద్ర పడింది. ఇంక బతికినన్నాళ్ళూ అది మేస్త్రి చెక్కిన ళ. ఆమె పట్నం వెళ్తుంది, కొత్త పొయ్యి వెలిగిస్తుంది. ఇరవయ్యెనిమిదేళ్ళలో మొదటిసారి తొమ్మిదో పళ్ళెం కేసి తిన్నగా చూసింది.

పదో పళ్ళెం సగంలో ఉండగా ఠక్ అనే చప్పుడు ఆగిపోయింది.

"ఇది నాది కాదు."

ఆమె గబుక్కున చూసింది. ఆయన చేతిలో ఉన్నది శ.

"ఏమన్నారు?" అన్నాడు భూతద్దం.

"దొంగ ముక్క. చినుకు చూడండి. నా చినుకు గుండ్రంగా పడుతుంది. ఇది సూదిలా దిగింది." ముక్కని బల్ల మీదుగా తోశాడు. భూతద్దం అద్దం పెట్టి చూశాడు. పక్క ముక్క తీసి చూశాడు.

"తేడా ఉంది, నిజమే."

"ఎప్పట్నుంచో అనుకుంటున్నా, శ పొడుగ్గా పడుతోందేంటని. మూస సర్దండర్రా అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను. మూసది కాదు తప్పు." మావయ్య ముఖం ఆమె వైపు తిరిగింది. చూపు లేని ఆ తెల్లటి కళ్ళు సరిగ్గా ఆమె మీదే ఆగాయి. "ఎవరు పెట్టారే ఇది?"

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ శ నిఖార్సుగా ఆయనదే. ఆమె వచ్చిన రెండో ఏడు మావయ్యకి విషజ్వరం వచ్చింది. రెండు నెలలు మంచం మీద. అప్పుడే శ తల్లి పగిలింది, దాని ఉక్కు కడ్డీ కూడా విరిగింది, వాచకం సగంలో ఆగింది. అత్తయ్య మందులకని బయటికెళ్ళిన ఒక పూట ఆయన ఒళ్ళు కాలిపోతూ లేచొచ్చి, ఇదే బల్ల దగ్గర కూర్చుని, చెమట కడ్డీ మీద పడుతుంటే శ చెక్కాడు. రాగిని కదలకుండా పట్టుకున్నది ఆమే. ఒకే దెబ్బ వేసి, "మీ అత్తతో అన్నావంటే చంపుతుంది, నిన్ను కాదు, నన్ను," అని వెళ్ళి పడుకున్నాడు. జ్వరం తగ్గాక ఆ రెండు నెలల్లో ఒక్క రోజు కూడా ఆయనకి గుర్తులేదు. చెప్పొద్దన్నాడు కదా అని ఆమె చెప్పలేదు. తర్వాత చెప్పే అవసరం రాలేదు.

"అది మీదే మావయ్యా." చెప్పింది, ఉన్నదున్నట్టు. జ్వరం, చెమట, ఒకే దెబ్బ.

"జ్వరంలో ఉలి పట్టానా నేను?" మావయ్య అత్తయ్య వైపు తిరిగాడు. "పట్టానా?"

"నేను చూడలేదు. చూస్తే ఆ ఉలితోనే..." అత్తయ్య మాట మింగేసింది. "నాకు తెలీదండీ."

"దీనికొక్కదానికే తెలుసు. సాక్షి లేని కథ." ఆయన గొంతు పెరగలేదు. అదే భయం. కోపం వస్తే అరిచే మనిషి, నమ్మకం పోతే మెల్లగా మాట్లాడతాడు. "ఏం జరిగిందో నేను చెప్పనా? ఎవరో అసలుదాన్ని పాడుచేసి, ఇది తెచ్చి ఇరికించారు. నీకు తెలుసు. దాస్తున్నావు."

కథ సరిగ్గానే చెప్పాడు. అక్షరమే తప్పు.

ఆ క్షణంలో ఆమెకి ఒక దారి కనిపించింది. ఇరవయ్యెనిమిదేళ్ళ కిందట వెళ్ళగొట్టిన ఆ పోతగాడి పేరు చెప్పొచ్చు. ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో. వాడి తప్పే మావయ్యా, భయపడి చెప్పలేదు అంటే సరి. శ మీద గీత పడుతుంది. ళ నిలుస్తుంది. తనూ నిలుస్తుంది. పెదవుల దాకా వచ్చింది ఆ పేరు.

మావయ్య శ ని వెనక్కి తీసుకుని ఇనుప దిమ్మె మీద పెట్టి, ఆకురాయి అందుకున్నాడు.

జ్వరంతో వణుకుతున్న ఆ చెయ్యే ఆమెకి కనిపించింది. ఆ రోజు కొడుతున్నప్పుడు మాత్రం వణకని చెయ్యి. తన కొడుకుని తనే గుర్తుపట్టక గొంతు మీద కత్తి పెట్టినట్టుంది. ఆకురాయి దిగుతుంటే ఆమె బొటనవేలు తనంతట తాను వెళ్ళి రాగి ముఖం మీద పడింది. ఆకురాయి చర్మాన్ని గీసుకుపోయింది.

"తియ్యి వేలు."

"ఇది మీదే మావయ్యా."

"నా వేలు అబద్ధం చెబుతుందా?"

దానికి ఒకే జవాబు ఉంది. ఆ జవాబు తొమ్మిదో పళ్ళెంలో, నాలుగో గడిలో, కొత్త ముద్రతో మెరుస్తోంది.

"చెప్పింది," అందామె. "ఇందాకే చెప్పింది. మీరు ముద్ర కొట్టిన ళ మీది కాదు. నాది."

బొటనవేలి రక్తం శ గుంటలోకి దిగి, ఎర్రటి శ కనిపించింది. అత్తయ్య చెంబు కింద పెట్టి, కొంగు చివర చించి ఆమె వేలికి చుట్టడం మొదలుపెట్టింది. చుడుతూ గట్టిగా గిల్లింది కూడా.

"చెప్పు," అన్నాడు మావయ్య.

చెప్పింది. వేడెక్కిన మూస, సూది, జాడీ, పదిహేడు రోజులు. ఎక్కడా తగ్గించలేదు. ఆయన ళ తెమ్మన్నాడు. పెదవికి ఆనించుకున్నాడు, చాలాసేపు. ఆ పెదవి వెతుకుతోంది, దొరకలేదు. తర్వాత వేలితో చినుకు దగ్గర ఆగి, అక్కడక్కడే తిప్పాడు.

"లావుగా ఉంది," అన్నాడు చివరికి. "అవును. ఒక వెంట్రుక. ఇందాక కూడా తగిలింది. బాగుందనిపించింది." ముక్కని కిందికి దించాడు. "నా ళ ఎక్కడుంది?"

"కాలువలో."

ఆయన చెయ్యి చాచాడు. ఆకురాయి కింద పడిపోయి ఉంది. ఆమె వంగి తీసి, తనే ఆయన చేతిలో పెట్టింది. ళ ముఖం మీద అడ్డంగా ఒక్క గీత. రాగి అరవదు, చిన్నగా కీచుమంటుంది. ఇరవయ్యెనిమిదేళ్ళ కళ్ళూ నీళ్ళూ ఇళ్ళూ ఆ కీచుమనే చప్పుడులోంచి వెళ్ళిపోయాయి. ఆమెకి ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. వీపు మీద ఇన్నాళ్ళూ ఏదో ఉండేదని, అది లేకపోతే ఇలా ఉంటుందని మాత్రం తెలిసింది.

భూతద్దం పుస్తకం మూశాడు. "క్షమించాలి మేస్త్రి గారూ. ఒకటి ఇలా ఉందంటే, మిగతావి ఎలా ఉన్నాయో ఎవరు చెప్తారు? పైగా ళ లేని టైపుతో నేనేం అచ్చు వెయ్యను?"

"ఒకటి పెంచింది, రెండోది పెంచలేదా?" అంది అత్తయ్య, కట్టు ముడివేస్తూ. "మీ ఊళ్ళో జాడీలు దొరకవా?"

మావయ్య చెయ్యెత్తి ఆమెని ఆగమన్నాడు. ఆయన ముఖంలో కోపం అలాగే ఉంది, చల్లారని మూసలా. "మీకు చెప్పేది ఎవరో తెలుసా? నేను కాదు. నా వేలు పోయింది. సవతిని ఇంట్లోకి రానిచ్చి, కన్నదాన్ని గెంటబోయాను. మీ ముందే." ఊపిరి తీసుకున్నాడు. "ఇది ఒకటి దాచింది. ఇరవయ్యెనిమిదేళ్ళు దాచింది. నేను మరిచిపోను. కానీ ఈ గదిలో ఏది ఏదో తెలిసింది దీనికొక్కదానికే. నమ్మితే కూర్చోండి. లేదంటే మీ బండికి టైమవుతోంది."

భూతద్దం లేచాడు. కిటికీదాకా వెళ్ళాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు, పుస్తకం మాత్రం తెరవలేదు.

మావయ్య శ ని తుడిచి, ఆమె వైపు చాచాడు. ముప్ఫై మూడేళ్ళలో ఆయన ఏ అక్షరం గురించీ ఆమె మాట అడగలేదు. చెప్పడమే.

"ఇది?"

"మీదే."

ఠక్.

"ఇది?"

"మీదే మావయ్యా."

గొంతులో ప్రేమ లేదు. ఆయన అడగడంలోనూ లేదు. ఇద్దరు తూకం వేసేవాళ్ళలా ఒకరి ముఖం ఒకరు చూడకుండా ముక్క తర్వాత ముక్క. పదకొండు. పన్నెండు. ప్రతి ముక్కనీ ఆమె వెలుతురులోకి వంచి, గాయం లేని వేలితో తడిమి, అప్పుడే చెబుతోంది. ఒక్కసారి కూడా తొందరపడలేదు. ఎండ బల్ల దాటి గోడెక్కింది.

పద్నాలుగో పళ్ళెంలో ఒక ఒత్తు దగ్గర ఆమె ఆగిపోయింది. తిప్పి చూసింది. చినుకు సరిగ్గానే ఉంది. అయినా ఆ అంచు దగ్గర ఏదో తెలియని మెరుపు.

"ఇది?" మావయ్య మళ్ళీ అడిగాడు.

మీదే అంటే అయిపోతుంది. భూతద్దం కలం పట్టుకుని చూస్తున్నాడు.

"తెలీదు మావయ్యా. నేను రాకముందుది. దీనితో ఎప్పుడూ పోయలేదు."

మావయ్య తల మెల్లగా ఊపాడు.

"అయితే నేనే చూడాలి," అని, ముక్కని పెదవి దగ్గరికి తీసుకున్నాడు.

ఆయన ఇంకా చూస్తుండగానే భూతద్దం పుస్తకం తెరిచాడు. తల్లులు అని ఉన్నచోట మూడువందల పన్నెండు కొట్టేసి, మూడువందల పదకొండు అని రాశాడు. దాని కింద మనిషి అని ఉన్న గడి పొద్దుట్నుంచీ ఖాళీగా ఉంది. కలం విదిల్చి, అందులో ఒకరు అని రాశాడు.

సీసం పిన్ని ఆ రాత చూడలేదు. ఆమె మావయ్య పెదవినే చూస్తోంది.